మాటల్లేని ఇంటి నీళ్ళు

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేశాను. మానేశానని నేనంటాను. బడే నన్ను వదిలించుకుని తలస్నానం చేసిందని మా లెక్కల సారు అనేవాడు. చదవాలని అనుకోలేదా అంటే, అనుకున్నాను. ప్రతి జూన్‌లోనూ అనుకున్నాను. కొత్త పుస్తకాలకు అట్టలేసి, అట్టల మీద నా పేరు ముద్దుగా దిద్దుకుని, ఈ ఏడు చూస్కోండి నా తడాఖా అని అనుకున్నాను. అనుకోవడానికి మార్కులుంటే నేనీపాటికి హనుమకొండలో కలెక్టరునై ఏసీ కింద కూర్చుని ఉండేవాణ్ణి. లేవు కాబట్టి వరంగల్ కొత్తవాడలో టెంట్ హౌస్ పెట్టుకుని, పెళ్ళికీ చావుకీ అవే కుర్చీలు కిరాయికిస్తున్నాను.

నా అనుకోవడాన్ని ఒక్కనాడు కూడా లెక్కలోకి తీసుకోని మనిషి ఒకామె మా వాడలో ఉండేది. పోయిన ఏడు ఎండాకాలంలో పోయింది. ఆమెను మరిచిపోయానని చెప్పను గానీ, పనుల్లో పడి పక్కన పెట్టేశాను. వారం కిందట యువజన సంఘం పిల్లలు శ్రావణం బోనాలకు టెంటూ మైకూ చెప్పిపోవడానికి వచ్చారు. వెళుతూ వెళుతూ ఒకడు బండి మీద నుంచి తిరిగి, "అన్నా, ఈసారి ముందు బోనం ఎవలెత్తుతరే?" అని అడిగాడు. అంతే. అప్పటినుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. కుర్చీలు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో లేచి పోతున్నాను. అన్నం ముందు కూర్చుని ఫోన్ వచ్చిందని లేస్తున్నాను. ఫోన్ రాలేదని మా ఆవిడకు తెలుసు.

ఆమె పెద్దమ్మ. నాకు చుట్టం కాదు. వాడలో సగం మందికి ఆమె పెద్దమ్మే, మిగతా సగానికి ఆమెతో ఆ ఏడు మాటలుండవు. బక్క మనిషి. చీర చీలమండల పైకి ఎగదోపుకుని, ఎక్కడో ఎవరో తనకోసం ఎదురుచూస్తున్నట్టు గబగబా నడిచేది. వాళ్ళది జంపఖానాలు నేసే ఇల్లు. రంగు నూలు పట్టీ పట్టీ ఆమె గోళ్ళ చివర్లు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా ఉండేవి. ఎవరితో మాట్లాడినా ఆ రంగు వేలు ముందుకొచ్చి ఎదుటివాడి రొమ్ము దగ్గర ఆగేది.

ఎవరైనా ఏదైనా చెబితే ఊరికే తలూపి రావడం ఆమెకు తెలియదు. చెప్పిన మాటను చెప్పినట్టు మళ్ళీ వాళ్ళకే అప్పజెప్పేది. "ఆగు. నువ్వు జెప్పింది నేను జెప్త. తప్పుంటె చెప్పు." గుడి అయ్యగారికీ ఇదే, గ్యాస్ సిలిండర్ తెచ్చేవాడికీ ఇదే, దవాఖానలో డాక్టరుకూ ఇదే. డాక్టర్లు మొదట నవ్వేవారు, తర్వాత గడియారం చూసుకునేవారు. ఆమె మాత్రం మాట పూర్తిగా అప్పజెప్పి, వాళ్ళతో ఔననిపించుకుని గానీ కుర్చీలోంచి లేచేది కాదు.

నేను ఆమెకు జీవో పెద్దమ్మ అని పేరు పెట్టాను. పేరు వాడంతా పాకి ఆమె చెవిన పడింది. నన్ను పిలిపించింది.

"ఒరే టెంటోడా, జీవో అంటె ఏందిరా?"

"పైనుంచి వచ్చిన ఆర్డరు పెద్దమ్మా. దాన్ని ఇటు జరపరాదు, అటు జరపరాదు."

"అయితె మంచిదే" అంది. నాకు ఆ ఆటలో మజా పోయింది.

ఆమె ముందు అనకూడని మాట ఒకటుంది: అనుకున్న. ఒకసారి ఆమె మనుమరాలికి చీర కట్టించే ఫంక్షన్ పెట్టుకున్నారు. టెంటు నాదే అయినా మనిషిని నేను పోలేకపోయాను. మర్నాడు సామాను తెచ్చుకోవడానికి వెళ్ళి, "రావాలని మస్తు అనుకున్న పెద్దమ్మా" అన్నాను.

"అనుకున్నవా? మంచిగ. నేను గూడ నీకు బువ్వ పెట్టాలని అనుకుంటాన. ఆ... అనుకున్న. కడుపు నిండిందా?"

నిండలేదని చెప్పాను. అప్పుడు నిజంగానే పెట్టింది. తిన్నంతసేపు ఎదురుగా కూర్చుని, "ఇప్పుడు నిండిందా? గదీ తేడా" అంటూనే ఉంది. ఆమె ఇంట్లో ముద్ద కూడా పాఠం లేకుండా దిగేది కాదు.

ఇంకోసారి, పోచమ్మ బోనాల ముందు, నేను నిజంగా మంచి మనసుతో ఒక పని చేశాను. బోనం కుండ మీద దీపం గాలికి ఊగుతూ ఉంటుంది. ఎత్తుకున్న మనిషి ప్రాణమంతా ఆ దీపం మీదే. పాపం ముసలామె అవస్థ చూడలేక, మట్టెవాడ దుకాణంలో బ్యాటరీ దీపం దొరికితే కొనుక్కొచ్చాను. అచ్చం మంట లాగే అల్లాడుతుంది. ఎంత గాలి వచ్చినా ఆరదు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, ఊదింది. మళ్ళీ ఊదింది. ఆరలేదు.

"మంచిగుంది" అని నా చేతిలో పెట్టేసింది.

"మరి పెట్టుకో పెద్దమ్మా. ఫికరుండది."

"అమ్మ దీపం ఆరకుండ చూసుకోమన్నది కొడుకా. ఆరనిది తెమ్మనలే."

ఆ దీపం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. కరెంటు పోతే మా ఆవిడ వెలిగిస్తుంది.

ఇక అసలు సంగతి. మా వాడ బోనాలకు ఒక పద్ధతి ఉంది. పక్క వాడల్లో ఉన్నట్టు నేను వినలేదు. ఎప్పుడో, పెద్దమ్మ అత్తగారి అత్తగారి కాలంలో, కలరా గత్తర వచ్చి మనుషులు రాలిపోతున్నప్పుడు ఆ ఇంట్లో ఒకామెకు పోచమ్మ తల్లి పూనిందట. ఒకరి ముఖం ఒకరు చూసుకోని వాడ మీ వాడ, మీ కుండ నేనెట్ల ముట్టాలె అని అడిగిందట. ముందు బోనం మీ ఇంటి నుంచే రావాలె, ఆ బోనం వండే నీళ్ళు మీతో మాటల్లేని ఇంటి నుంచి అడిగి తేవాలె, అప్పుడే తింట అని చెప్పి దిగిపోయిందట. అప్పటినుంచి శ్రావణంలో ఒక ఆదివారం పొద్దున ఆ ఇంటి ఆడమనిషి ముంత పట్టుకుని, తనతో మాటల్లేని ఇంటి ముందు నిలబడి నీళ్ళడుగుతుంది. ఆ నీళ్ళతో వండిన కుండే ముందు నడుస్తుంది, మిగతావన్నీ దాని వెనక. ఆ ఇంట్లో చావు మైల ఉన్న ఏడు ముందు బోనమే ఉండదు. అందరి కుండలూ పెద్దదిక్కు లేని పిల్లల్లా డప్పుల వెనక పోతాయి.

పెద్దమ్మకు మాటల్లేని ఇంటి కరువెప్పుడూ రాలేదు. ఆమె నోరు అలాంటిది. నల్లా దగ్గర బిందె జరిపారనో, ఇంటి ముందు చెత్త ఊడ్చి తమవైపు తోశారనో ఏడాదికొకరితో చెడేది. శ్రావణం రాగానే ముంతతో వాళ్ళ ఇంటి ముందే నిలబడేది. ఒకసారి మా పక్కింటామె నడుము మీద చేతులు పెట్టుకుని, "ఎందుకు పొయ్యాలె నీకు?" అంది.

"నేనడగలే. అమ్మ అడిగింది. నాకైతె సస్తాన్నా నీ ఇంటి నీళ్ళు తాగబుద్ధి కాదు."

పక్కింటామె నీళ్ళు పోసింది. పోస్తూ తిట్టింది. తిడితే మాట్లాడినట్టే కదా. సాయంత్రానికి ఇద్దరూ ఒకరి కొప్పులో ఒకరు పూలు పెట్టుకుంటున్నారు.

నాకు ఇదంతా తమాషాగా ఉండేది. కదిలించాలని ఒకసారి అన్నాను. "పెద్దమ్మా, లోపల కోపం అట్లనే పెట్టుకుని బయట నీళ్ళు తెస్తె ఏం ఫాయిదా? ముందు మనసు కడుక్కోవాలె గని."

"అమ్మ మనసు కడుక్కొని రమ్మనలేదుర. ముంత కడుక్కొని రమ్మన్నది. మనసు నాకేడ కనవడుతది కడుగుటానికి? ముంత కనవడుతది."

అలాంటి మనిషికి చిన్నమ్మతో చెడింది.

చిన్నమ్మ ఆమె తోడికోడలు. ఎదురెదురు ఇళ్ళు, మధ్యలో ఆటో పట్టేంత బజారు. చిన్నమ్మ మెత్తటి మనిషి. అన్నీ ఎక్కువ పోసేది, ఎక్కువ పెట్టేది, సినిమా చూసినా పక్కవాళ్ళ కంటే ఎక్కువ ఏడ్చేది. ఆమె భర్త, వాడకంతా చిన్నాయన, కిడ్నీలు చెడి హనుమకొండ దవాఖానలో చేరాడు. డాక్టరు నీళ్ళు కట్టడి చేశాడు. ఒక స్టీలు గ్లాసు మీద వేలుపెట్టి, రోజు మొత్తానికి ఇంతవరకే, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి అన్నాడు. పెద్దమ్మ ఎప్పటిలాగే మాట అప్పజెప్పింది. తర్వాత నడుముకున్న సంచిలోంచి ఎర్ర నూలు పోగు తీసి, డాక్టరు వేలు పెట్టినచోట గ్లాసు చుట్టూ బిగించి కట్టింది.

కాపలా పెద్దమ్మనే ఉండమని అడిగింది చిన్నమ్మే. "ఆయన అడుగుతాంటె నా చెయ్యి ఆగదక్కా. నువ్వే ఉండు" అంది. నేను క్యారేజీ పట్టుకుని పోయినప్పుడు విన్నాను.

చిన్నాయన అడిగేవాడు. దూపైతాంది వదినా అనేవాడు. చూడటానికి వచ్చిన వాళ్ళంతా కరిగిపోయేవారు. ఒక గుక్కకు ఏమవుతుంది, పాపం, మనిషి అల్లాడుతున్నాడు అనేవారు. పెద్దమ్మ వాళ్ళ చేతుల్లోంచి సీసాలు లాగేసుకునేది. తడిగుడ్డతో ఆయన పెదాలు అద్దేది. పోగు దాటి ఒక్క చుక్క పోయనివ్వలేదు. అయినా చిన్నాయన పోయాడు. పోయేముందు ఆయన అడిగింది నీళ్ళే.

శవం ఇంటికి వచ్చాక, నేను కట్టిన టెంటు కింద, అందరి ముందు చిన్నమ్మ పెద్దమ్మ వైపు చెయ్యి చూపించి, "నా మొగన్ని దూపతోటి సంపినవ్" అంది. నువ్వే కదా ఉండమన్నావని పెద్దమ్మ అనొచ్చు. అనలేదు. చిన్నమ్మ తలుపు ఆ రోజు పడింది. ఆడవాళ్ళు పెద్దమ్మ దగ్గర చేరి, "నువ్వు మంచికే చేసినవ్ అక్కా, దేవునికి తెల్వదా" అని ఓదార్చబోతే వాళ్ళ మీద విరుచుకుపడింది. "మంచికని ఎవలన్నరు? డాక్టరు జెప్పిండు, చేసిన. మంచైందో చెడైందో నాకెర్క లేదు. నా మీద మంచి రుద్దకుండ్రి."

ఆ తర్వాత ఆమె మా ఇంటికి వచ్చి మంచినీళ్ళడిగితే, ఇచ్చిన గ్లాసులో సగమే తాగి సగం మొక్కల్లో పోయడం చూశాను. నా నోటికి తాళం వేసిన కొద్ది విషయాల్లో అదొకటి.

మైల ఏడు గడిచింది. వాళ్ళిద్దర్నీ కలపాలని వాడలో అనుకోని వాళ్ళు లేరు. నేను కూడా అనుకున్నాను. సంఘం అధ్యక్షుడు అనుకున్నాడు. ఆడవాళ్ళు నల్లా దగ్గర రోజూ అనుకున్నారు. అట్లా అనుకుంటూ అనుకుంటూ శ్రావణం దాకా వచ్చాం. అప్పుడందరికీ ఒకేసారి వెలిగింది: ఈసారి పెద్దమ్మ ఎవరి ఇంటి ముందు నిలబడాలో.

ముందురోజే ఆడవాళ్ళు పోయి బతిమాలారు. ఆమె మీద నీకేం లేదు, అమ్మకు ఆ సంగతి తెలుసు, ఈసారి నల్లా నీళ్ళతోనే కానిచ్చెయ్ అన్నారు. వేరే ఎవరితోనైనా ఉత్తుత్తి కొట్లాట పెట్టుకో అన్నాను నేను. నేనే రెడీగా ఉన్నానని కూడా అన్నాను. పెద్దమ్మ నవ్వలేదు.

ఆదివారం పొద్దున, నేను బజారులో టెంటు గుంజలు పాతిస్తుంటే, కడిగిన ముంత పట్టుకుని ఆమె గడప దిగింది. ఎప్పుడూ పరుగున నడిచే మనిషి. ఆ ఆటో పట్టేంత బజారు దాటడానికి ఎంతసేపు పట్టిందో. చిన్నమ్మ తలుపు ముందు నిలబడి, "నీళ్ళు పొయ్యి" అంది.

తలుపు తెరుచుకోలేదు. లోపల గిన్నె పెట్టిన చప్పుడు వినబడింది. మనిషి ఉంది.

"నీళ్ళు పొయ్యి" అని ఇంకోసారి అని, పెద్దమ్మ మెట్టు మీద కూర్చుంది.

ఎండ ఎక్కింది. డప్పుల వాళ్ళు వచ్చి డప్పులు కాగబెట్టుకున్నారు. ఇంటింటా బోనాలు ఉడికాయి. పెద్దమ్మ ఇంట్లో కొత్త కుండ సున్నమూ పసుపూ పూసుకుని ఉత్తగా కూర్చుంది. నేను ఊరుకోలేక ఒక షామియానా గుడ్డ లాక్కొచ్చి ఆమె మీదికి కట్టబోయాను.

"నీడ అడిగిన్నా నేను?" అంది.

గుడ్డ మడతపెట్టి వెనక్కి వచ్చాను.

సంఘం అధ్యక్షుడు తెల్ల చొక్కాలో చెమటలు కక్కుతూ వచ్చాడు. "పెద్దమ్మా, టైమైతాంది. పోలీసోళ్ళు ఊరేగింపుకు టైం పెట్టిండ్లు. నువ్వచ్చినవ్, అడిగినవ్. ఆమె ఇయ్యకపోతె నీ తప్పా? నీ మనసు అమ్మకు తెల్వదా?"

"అమ్మ నా మనసు అడగలే. నీళ్ళడిగింది."

"అరే, ఇయ్యకపోతె ఏడికెల్లి తెస్తవే?"

"గదే చూస్తాన."

మైకు నా పక్కనే ఉంది. చిన్నమ్మ మీద ఏదో ఒక జోకు వేసి తలుపు తీయిద్దామని స్విచ్ మీద వేలు పెట్టాను. పెద్దమ్మ ముఖం చూసి తీసేశాను. ఆ ముఖం ఏదో గెలవాలని కూర్చున్న మనిషిది కాదు. పెదాలు ఎండి పగిలి, కళ్ళు ముంతలోకి చూస్తున్నాయి. ఆమెకు భయంగా ఉందని నాకప్పుడే అర్థమైంది. అమ్మకు ఏం చెప్పుకోవాలో అని భయం కావచ్చు. చిన్నమ్మ తలుపు తీస్తే ఏమంటుందో అని కావచ్చు.

సూర్యుడు హనుమకొండ వైపు వాలుతుండగా తలుపు తెరుచుకుంది. చిన్నమ్మ చేతిలో బకెట్టు, బకెట్టులో మగ్గు. వాకిలి కడగడానికి వచ్చినట్టుంది, పోట్లాటకు వచ్చినట్టూ ఉంది.

"నా మొగనికి గుక్కెడు పొయ్యనిదానివి, నా ఇంటికి నీళ్ళకొచ్చినవా? ఏ మొఖం పెట్టుకొని వచ్చినవే? ఆయన అడుగుతాంటె నీకు చెవులు వినరాలేదా? ఇయ్యాల నీ దేవతకు దూపైతె ఉరికొచ్చినవా?"

పెద్దమ్మ లేచి నిలబడింది. ముంత ముందుకు చాపింది.

"నీళ్ళు పొయ్యి" అంది.

చిన్నమ్మ మగ్గు నింపి ఆమె ముఖాన కొట్టింది.

డప్పుల వాళ్ళలో ఎవరిదో కర్ర కిందపడిన చప్పుడు. పెద్దమ్మ నెత్తి నుంచి నీళ్ళు కారుతున్నాయి. కళ్ళు తుడుచుకుంది. తర్వాత కొంగు ముందుకు తీసుకుని, ముంత మీద పట్టి పిండింది. కొన్ని చుక్కలు పడ్డాయి. కొంగు మళ్ళీ మడిచి మళ్ళీ పిండింది. ఎవరూ లేనట్టు, తన ఇంటి పెరట్లో బట్టలు పిండుకుంటున్నట్టు, శ్రద్ధగా.

చిన్నమ్మ చూసింది. ఆమె ముఖంలో కోపం పక్కకు జరిగి ఇంకేదో వచ్చింది. మా ఆడవాళ్ళకు మడి దగ్గర వస్తుందే, అది.

"ఏయ్... ఏం చేస్తానవ్? అక్కా! పొద్దటి సంది బజాట్ల కూసున్న చీరది. ఆ మురికి నీళ్ళతోటి అమ్మకు వండుతవా? సిగ్గుండాలె నీకు!"

"నువ్విచ్చినయి గివే. నాకాడ గివే ఉన్నయి."

"ఇటియ్యి ఆ ముంత!"

లాక్కుంది. ఆ చుక్కలు వాకిట్లో పారబోసింది. ముంత కడిగింది, ఇంకోసారి కడిగింది. లోపలికిపోయి తాగే బిందెలోంచి నిండా నింపి తెచ్చి పెద్దమ్మ చేతుల్లో పెట్టింది. అధ్యక్షుడు డప్పుల వాళ్ళకు సైగ చేశాడు. కానీ పెద్దమ్మ అక్కడి నుంచి కదల్లేదు.

"ఇంకేం కావాలె?" అంది చిన్నమ్మ.

"అమ్మ అడిగింది అయిపోయింది. ఇప్పుడు నేనడుగుతాన." పెద్దమ్మ ముంతను రెండు చేతులతో రొమ్ముకు పట్టుకుంది. "దూపైతాందే నాకు."

చిన్నమ్మ లోపలికి పోయింది. వస్తుందో రాదో మాకు తెలియలేదు. వచ్చింది. గ్లాసు అంచు దాటి చేతి మీదుగా కారిపోతున్నన్ని నీళ్ళు. పెద్దమ్మ ముంత నా చేతికిచ్చి, ఆ గ్లాసు ఎత్తి, ఆగకుండా తాగింది. అడుగు కనబడేదాకా తాగింది.

క్షమించమని ఆమె అనలేదు, ఈమె అనలేదు. ముందు బోనం చీకటి పడే వేళకు కదిలింది. పోలీసుల టైము పోయింది. సంఘం అధ్యక్షుడు వాళ్ళను ఎట్లా బతిమాలుకున్నాడో అది వేరే కథ. పెద్దమ్మ వెనకే నడుస్తూ చిన్నమ్మ దారిపొడుగునా, "దీపం ఒంగుతాంది, చూసి నడువు, ఎన్నిసార్లు జెప్పాలె" అని తిడుతూనే ఉంది.

దీన్ని ఇక్కడ ఆపేస్తే అంతా చక్కగా ఉంటుంది. కానీ ఆ దవాఖాన గ్లాసు నన్ను ఆపనివ్వదు. చెప్పింది చెప్పినట్టు చేసే ఆ మొండితనమే కదా అక్కడా ఉన్నది. అక్కడేమో చిన్నాయన దూపతో పోయాడు. కొన్ని నెలల తర్వాత ధైర్యం చేసి అడిగాను.

"పెద్దమ్మా, డాక్టరు మాటా అమ్మ మాటా ఒకటేనా నీకు?"

నూలు కండె చుడుతున్న చెయ్యి ఆగింది.

"ఒకటే అనుకున్ననుర" అంది. ఆమె నోట 'అనుకున్న' వినడం అదే మొదలు. "చేసేటప్పుడు ఒక్కలెక్కనే ఉంటది. చేసినంక తెలుస్తది. అమ్మ జెప్పింది చేసినంక నిద్రపడతది. డాక్టరు జెప్పింది చేస్తి, ఇప్పటిదాక పట్టలే."

"మరి పొయ్యాల్సిందా నీళ్ళు?"

"నాకెర్క లేదు. ఎర్క ఉన్నట్టు నువ్వు గూడ మాట్లాడకు."

ఇంకొకటి కూడా అడిగాను. "ఆ రోజు చిన్నమ్మ తలుపు తియ్యకపోతె?"

"కూసుందును."

"మర్నాడు గూడ తియ్యకపోతె?"

"మర్నాటిది నాకు జెప్పలే" అని కండె మళ్ళీ తిప్పింది.

చివరి రోజుల్లో మంచం మీద నుంచి ఆమె చిన్నమ్మను పిలిచి, ఇక ముందు బోనం నువ్వే ఎత్తాలి అంది. నేనక్కడే ఉన్నాను. చిన్నమ్మ బిత్తరపోయి, "మొగడు లేనిదాన్ని, నేనెట్ల ఎత్తుదు? నలుగురు ఏమంటరు?" అంది.

"అమ్మ జెప్పిన మాటలల్ల మొగడు అన్న మాట ఉన్నదా?"

"లేదు..."

"మరి అమ్మ జెప్పనిది కలుపుటానికి నువ్వెవలు? మొత్తం నాకు అప్పజెప్పు, వింట."

చిన్నమ్మ ఏడుస్తూ అప్పజెప్పింది. ఒకచోట తప్పింది. పెద్దమ్మ కళ్ళు మూసుకునే దిద్దింది. నా వైపు తిరిగి, "నా సావుకు మైకు పెట్టకురా టెంటోడా" అంది. పెట్టలేదు. వాడలో అంత నిశ్శబ్దంగా జరిగిన చావు నేనింకోటి చూడలేదు. కుర్చీలు సర్దుతుంటే ఒకదానికొకటి తగిలిన చప్పుడు కూడా పెద్దగా వినబడింది.

ఆ శ్రావణం మైలలో పోయింది. ఇదిగో, ఈ శ్రావణం వచ్చింది. సంఘం పిల్లవాడు అడిగిన ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. తెలిసినా కాలు నిలవక, నిన్న గుంజలు ఎక్కడ పాతాలో అడిగే వంకతో చిన్నమ్మ ఇంటికి పోయాను.

ఆమె కొత్త కుండకు సున్నం పూస్తూ ఉంది. పూస్తూ పూస్తూ లేచి తలుపు దాకా వచ్చి బజారు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి మళ్ళీ పోయి కూర్చుంటోంది. నాకంటే అధ్వాన్నంగా ఉంది ఆమె పరిస్థితి.

"ఏమైంది చిన్నమ్మా?"

"ఏంగాలేరా. గదే లొల్లి. ఇంటింటికి చూసిన. ఎవల్తోటి చెడలే నాకు. ముంత పట్టుకొని ఏ ఇంటికి పోవాలె? మాటల్లేని ఒక్క అక్కతోటి మాటలు కలిసినయి, ఆమె పాయె. గట్ల కాదు, కావాలని ఎవల్నన్న తిడుదామంటె నా నోటికి రాదాయె." కుండ మీద చెయ్యి ఆగిపోయింది. కళ్ళు నిండాయి. "అక్కుంటె ఏం జేసునో. నా చేతుల్ల పెట్టి పోయింది. మొదటి ఏడే తప్పిపోతదా కొడుకా?"

పాపం అనిపించింది. ఇన్నాళ్ళకు నేను కూడా ఒక పెద్దమనిషి మాట చెప్పే మోకా వచ్చిందనిపించింది. గొంతు సవరించుకున్నాను.

"చిన్నమ్మా, జర సోచాయించు. అమ్మ గామాట ఎందుకన్నది? వాడల మాటల్లేని ఇల్లు ఉండద్దని. నీకు లేదు. అంటె ఆమె కోరుకున్నది అయిపోయింది. నీ మనసు ముత్యం లెక్క ఉన్నది, అమ్మకు ఎర్కనే. నల్లా తిప్పు, కుండ నింపు, వండు. అమ్మ ఖుషీగ తింటది."

చిన్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నన్ను పైనుంచి కిందికి చూసింది. సున్నం వేలు ముందుకొచ్చి నా రొమ్ము దగ్గర ఆగింది.

"ఇయ్యాల్టి సంది నీతోటి నాకు మాటల్లేవ్. పొయ్యి మీ ఇంట్ల బిందె తోమిపెట్టు. ఆదివారం పొద్దున వస్త."